ఎరువుల దుకాణం లెక్కలకు మోనోలిథిక్ అప్లికేషన్ తయారు చేయడం ఎలా?

మిర్యాలగూడలో ఒక ఎరువుల దుకాణం ఉందనుకుందాం. సరుకు నిల్వ, బిల్లులు, రైతుల ఉద్దెర ఖాతాలు అన్నింటినీ ఒకే ప్రోగ్రాంగా కట్టి, ఒకే డేటాబేస్‌తో నడిపితే అదే మోనోలిథిక్ అప్లికేషన్.

ల్యాప్‌టాప్‌లో పైథాన్ భాషను, దానితో వెబ్ అప్లికేషన్లు కట్టే జాంగోను, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను ఎక్కించుకుని, ఒక ప్రాజెక్టు తెరిచి, అందులో నిల్వ, అమ్మకం, ఖాతా అనే మూడు యాప్‌లు (జాంగో ప్రాజెక్టులోని భాగాలను అలా అంటారు) పెట్టండి. ఏ పట్టికలో ఏముండాలో చెప్పే మోడళ్లు రాసి, ఆ పట్టికలను డేటాబేస్‌లో పుట్టించే మైగ్రేషన్ నడిపి, మోడళ్లను జాంగోతో వచ్చే అడ్మిన్‌లో నమోదు చేస్తే సరుకులనూ రైతుల పేర్లనూ ఎక్కించే పేజీలు సిద్ధంగా వస్తాయి. డబ్బును పైసల్లోనే, పూర్ణాంకాలుగానే దాచాలి. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలైతే పట్టికలో 26650 అని ఉండాలి. దశాంశాలను దాచే డెసిమల్ ఫీల్డుతోనూ పని జరుగుతుందని వాదించేవారున్నారు, నేను ఒప్పుకోను.

ఇంతవరకు ఒక పూట పని. అసలు చిక్కంతా అమ్మకాన్ని నమోదు చేసే ఫంక్షన్‌లో ఉంది. ఒక రైతు పది బస్తాలు ఉద్దెరకు తీసుకుంటే నిల్వలో 10 తగ్గాలి, బిల్లు పుట్టాలి, ఆయన ఖాతాలో 2,665 రూపాయలు చేరాలి. నిల్వ తగ్గిన తరువాత, ఖాతా రాయకముందే కరెంటు పోతే ఆ పది బస్తాలు ఎవరి పేరు మీదా లేకుండా పోతాయి. అందుకే ఈ మూడు మార్పులనూ జాంగోలోని అటామిక్ బ్లాకు లోపల ఒకే ట్రాన్సాక్షన్‌గా రాయాలి. అప్పుడు మూడూ జరుగుతాయి, లేదా ఏదీ జరగదు.

బ్లాకు పెట్టినంత మాత్రాన పని అయిపోయిందనుకోవద్దు. చాలామంది దాని లోపలే, తప్పులను (ఎక్సెప్షన్లను) పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ రాసి, వచ్చిన తప్పును అక్కడే మింగేస్తారు. తప్పు బయటికి రాకపోతే అంతా సవ్యంగానే ఉందనుకుని జాంగో సగం పనినే ఖాయం చేస్తుంది. పట్టుకోవాలంటే బ్లాకు బయట పట్టుకోండి.

వానాకాలం నాట్ల రోజుల్లో రెండు కౌంటర్లు ఒకేసారి నడుస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. నిల్వలో 12 బస్తాలే ఉండగా ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో చెరి పది అమ్మబోతే, ఇద్దరికీ 12 అనే కనిపిస్తుంది. అందువల్ల నిల్వ వరుసకు ‘సెలెక్ట్ ఫర్ అప్‌డేట్’తో తాళం వేసి చదివి, సరిపోతుందో లేదో ఆ తరువాతే చూడాలి. జాంగో మామూలుగా వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఈ తాళం పడదు, జాంగో హెచ్చరించదు కూడా. మొదట్లోనే పోస్ట్‌గ్రెస్ అన్నది ఇందుకే.

రైతుకు అప్పు ఎంతో చెప్పే ఎస్సెమ్మెస్‌ను నేను కూడా ఒకప్పుడు బ్లాకు లోపలి నుంచే పంపించాను. బిల్లు రద్దయినా అప్పు సందేశం మాత్రం వెళ్లింది. ఆ రైతు మరుసటి రోజు ఫోను పట్టుకుని దుకాణానికి వచ్చాడు. వెళ్లిపోయిన సందేశాన్ని ఏ రోల్‌బ్యాకూ (ట్రాన్సాక్షన్ రద్దూ) వెనక్కి తేలేదు కాబట్టి, దాన్ని ట్రాన్సాక్షన్ ఖాయమయ్యాకే పని నడిపే ‘ఆన్ కమిట్’కు అప్పగించాలి.

ఇంత చిన్న దుకాణానికి మూడు మైక్రోసర్వీసులు (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాంలు), మూడు డేటాబేసులు కావాలనేవారు నల్లగొండలోనూ తయారయ్యారు. అలా విడదీస్తే డేటాబేస్ ఊరికే ఇచ్చే ఈ రక్షణ పోయి, ఖాతా రాయడం విఫలమైన ప్రతిసారీ నిల్వను తిరిగి పెంచే కోడును మనమే రాసుకోవలసి వస్తుంది.

దుకాణానికి అప్పగించే ముందు, నిల్వ తగ్గించే చోటుకూ ఖాతా రాసే చోటుకూ మధ్య కావాలనే ఒక ఎక్సెప్షన్ లేవదీసి, పది బస్తాలు అమ్మి చూడండి. అడ్మిన్ పేజీలో నిల్వ 12గానే ఉండాలి. 2 కనిపించిందంటే, బ్లాకు లోపల ఎక్కడో ఒక ఎక్సెప్ట్ ఇంకా మిగిలే ఉంది.