ఆన్‌లైన్‌లో ఏం అమ్మాలో తేల్చుకునే ముందు ఇవి చూస్కోండి

తిరుపతి చుట్టుపక్కల నుంచి అమ్మాలనుకునేవాళ్ళు సరుకు కొనకముందే చూడాల్సినవి చెప్తున్నా.

- డబ్బా సైజు. ఇక్కడే చాలామంది మునిగిపోతారు. కొరియర్‌లో చాలాచోట్ల పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, అసలు బరువుకన్నా అది ఎక్కువైతే దానికే చార్జి, అంటే కేజీ బరువుండే మాధవమాల ఊరి చెక్కబొమ్మని 40×30×25 డబ్బాలో పెడితే 6 కేజీల లెక్క! చిన్న బొమ్మలే మేలప్పా.

- ప్రింటు చీరని, చేత్తో గీసే శ్రీకాళహస్తి కలంకారీ అని పెట్టొద్దు, రిటర్నులు వాయిస్తాయి.

- మామిడి తాండ్రకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తినే సరుకు అమ్మడానికి ఇచ్చే లైసెన్సు) నంబర్ కావాల. ఎండాకాలం మెత్తబడి కవర్‌కి అతుక్కుంటుంది, ముందు దూరంలో ఉన్న చుట్టాలకి ఒక ప్యాకెట్ పంపించి ఫొటో తీయమనండి.

- తిరుపతి లడ్డూ పేరు వాడొద్దు, 2009లోనే జీఐ (ఆ చోటి సరుకుకే ఆ పేరు అనే గుర్తింపు) వచ్చింది. పేపర్లు లేని ఎర్రచందనం సంగతి మన ఊళ్ళో వేరే చెప్పాలా?

- ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో వేరే రాష్ట్రాలకి అమ్మాలంటే జీఎస్టీ నంబర్ తీస్కోవాల.

- రేటు పెట్టేటప్పుడు సైటు తీస్కునే కమిషన్‌తో పాటు రిటర్న్ చార్జీ కూడా కలపండి, బట్టల్లో ఇది మరీ ఎక్కువ.