ఇన్‌టేక్ ఫ్లాపులు తీయించే ముందు

పాత డీజిల్ బీఎండబ్ల్యూ కొన్నవారికి ఎవరో ఒకరు ఇచ్చే సలహా ఉంటుంది: ఇంజిన్‌కు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని స్విర్ల్ ఫ్లాపులు (గాలిని సుడి తిప్పే చిన్న రేకులు) తీయించేయండి, పికప్ పెరుగుతుంది. తీయించడం మంచిదే కావచ్చు గానీ పికప్ కోసం మాత్రం కాదు. బీఎండబ్ల్యూ ఎం47, ఎం57 డీజిల్ ఇంజిన్లలో ఈ ఫ్లాపులకు చెడ్డపేరుంది. పాత రకంలో ఒక్కో రేకును ఇరుసుకు పట్టి ఉంచేవి రెండు చిన్న స్క్రూలు. అవి ఊడినా, ఇరుసు విరిగినా ముక్క సిలిండర్‌లో పడుతుంది. పిస్టన్, వాల్వులు, ఒక్కోసారి టర్బో కూడా పోతాయి.

ఇక పవర్ మాటకొస్తే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఫ్లాపులు ఎలాగూ తెరుచుకునే ఉంటాయి. అవి పనిచేసేది తక్కువ ఆర్‌పీఎంలో. సిలిండర్‌కు ఉన్న రెండు గాలి దారుల్లో ఒకదాన్ని మూసి, రెండో దారిలోంచి గాలి సుడి తిరుగుతూ వెళ్లేలా చేస్తాయి. వాటిని తీసేస్తే నగర ట్రాఫిక్‌లో మసి కొంత పెరగవచ్చు. పెట్రోల్ బండ్లలోనైతే తొందర అసలే వద్దు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టర్బో ఇంజిన్లలో పీ2015 కోడ్ (స్కానర్ చూపే ఎర్రర్ నంబరు) వస్తే లోపం తరచుగా ఫ్లాపును తిప్పే లివర్ అరుగుదలలోనో సెన్సర్‌లోనో ఉంటుంది.

తీయించాలనే నిర్ణయించుకుంటే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించండి. మానిఫోల్డ్ ఊడిన మరుక్షణం ఇంజిన్ హెడ్‌లోని గాలి రంధ్రాలన్నీ మూయించండి. పీచు రాలే గుడ్డ పనికిరాదు, వెడల్పాటి టేపు మేలు. పడిపోయిన చిన్న వాషర్ కూడా విరిగిన ఫ్లాపు చేసేంత నష్టమూ చేయగలదు.

బయటికి తీసిన ఫ్లాపులను, స్క్రూలను ఒక పళ్లెంలో పోయించి మీరే లెక్కపెట్టండి. స్క్రూల రకమైతే నాలుగు సిలిండర్లకు నాలుగు రేకులు, ఎనిమిది స్క్రూలు. ఆరింటికి ఆరు, పన్నెండు. ఒక్కటి తగ్గినా బండి స్టార్ట్ చేయనివ్వకండి. ముందు సిలిండర్లలోకి కెమెరా పెట్టి వెతకాల్సిందే. ఈ మాటకు విసుక్కునే మెకానిక్ దగ్గర ఈ పని చేయించకపోవడమే మంచిది.

మానిఫోల్డ్ లోపల మసి, ఆయిల్ కలిసి తారులా పేరుకుని ఉంటాయి. బండి మీద ఉండగా గీకకూడదు. విప్పి కడిగాక పూర్తిగా ఆరాలి. లోపల క్లీనర్ నిలిచి ఉంటే డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా పీల్చుకుని అదుపు తప్పే ప్రమాదం ఉంది. ఫ్లాపుల చోట బిగించే మూతప్లేట్లు ఆ ఇంజిన్ కొలతకు సరిపోవాలి. గ్యాస్కెట్లు, ఓ-రింగులు కొత్తవే వేయించాలి, బోల్టులను టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా)తో కంపెనీ చెప్పిన మేరకే బిగించాలి. ఫ్లాపులను తిప్పే యాక్చుయేటర్ సన్నని వాక్యూమ్ పైపుతో నడిచేదైతే ఆ పైపు మూయాలి. కరెంటుదైతే కనెక్టర్ తీసేస్తే చెక్ ఇంజిన్ లైటు వెలిగే అవకాశముంది.

చట్టం సంగతి మెకానిక్‌లు చెప్పరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ(4) ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుకే అవకాశముంటే మెరుగుపరచిన కొత్త మానిఫోల్డ్ వేయించడమే నా ఓటు. ఖర్చు ఎక్కువే.

పని అయ్యాక స్కానర్ పెట్టించండి, పొగ పరీక్ష చేయించండి. పాత ఫ్లాపులను పారేయకుండా బిల్లుతో పాటు దాచుకోండి. రేపు బండి కొనేవారు ముందుగా అడిగేది అవి ఏమయ్యాయనే.