గేజ్ కౌంటీ పూర్వీకుల హోమ్‌స్టెడ్ దస్త్రాలకు దరఖాస్తు విధానం

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, గేజ్ కౌంటీలో మొదట స్థిరపడిన రైతు కుటుంబాల వివరాలు వెతికేవారికి భూమి పట్టా ఒక్కటే సరిపోదు. పట్టాలో పేరు, భూమి హద్దుల వివరం, తేదీ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. కుటుంబ చరిత్ర అంతా ఆ పట్టా ఇవ్వడానికి ముందు అధికారులు సేకరించిన కాగితాల్లో ఉంటుంది. ఆ దస్త్రాలు ప్రస్తుతం వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, అంటే జాతీయ దస్త్రాగారంలో ఉన్నాయి.

ప్రభుత్వ భూమిని స్థిరపడి సాగు చేసేవారికి ఇచ్చేందుకు అధ్యక్షుడు లింకన్ 1862 మే 20న సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు కోరినవారు ఐదేళ్లు అక్కడే కాపురముండి, సాగు చేసి, ఆ సంగతిని సాక్షులతో రుజువు చేయాలి. 1863 జనవరి 1న, చట్టం అమలైన తొలి రోజే, బ్రౌన్‌విల్ భూమి కార్యాలయంలో భూమికి దరఖాస్తు ఇచ్చిన డేనియల్ ఫ్రీమన్ భూమి ఈ కౌంటీలోనే, బియాట్రిస్ పట్టణానికి దగ్గరలో ఉంది. ఆయన తరఫున ఇద్దరు ఇచ్చిన వాంగ్మూలంలో కొంత దుంగలతో, కొంత చెక్క చట్రంతో కట్టిన 14 అడుగులకు 20 అడుగుల ఇల్లు, రెండు తలుపులు, రెండు కిటికీలు, 40 ఆపిల్ చెట్లు, సుమారు 400 పీచ్ చెట్ల ప్రస్తావన ఉంది. విదేశాల నుంచి వచ్చినవారి దస్త్రంలో పౌరసత్వ పత్రం నకలు కూడా దొరకవచ్చు. వంశవృక్షం వేసేవారికి అంతకు మించిన కాగితం ఉండదు.

దస్త్రం నకలు కోసం డబ్బు కట్టే ముందు ఒక మాట. నెబ్రాస్కా హోమ్‌స్టెడ్ దస్త్రాలను చాలావరకు డిజిటలీకరించారు కనుక ముందుగా ఫోల్డ్‌3, ఆన్సెస్ట్రీ అనే వంశచరిత్ర సైట్లలో చూడటం మంచిది.

అక్కడ దొరకకపోతే అమెరికా ప్రభుత్వ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైట్‌లో పేరు, రాష్ట్రం, కౌంటీ ఇచ్చి పట్టాను వెతకాలి. గుమాస్తా తనకు వినబడినట్టు రాసి ఉండవచ్చు కాబట్టి పేరును రెండు మూడు వర్ణక్రమాల్లో ప్రయత్నించాలి. హక్కుదారు మధ్యలోనే చనిపోయి ఉంటే పట్టా భార్య పేరునో వారసుల పేరునో ఉంటుంది. పట్టా కనబడగానే సర్వే వివరాన్ని, అంటే భూమి ఎక్కడుందో చెప్పే సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లను అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. ఫ్రీమన్ భూమి సెక్షన్ 26, టౌన్‌షిప్ 4 ఉత్తరం, రేంజ్ 5 తూర్పు. ఇక్కడ ఉత్తరం దక్షిణమైతే దరఖాస్తు ఎక్కడికో పోతుంది.

తర్వాత భూమి దస్త్రాల నకళ్లు కోరే నేషనల్ ఆర్కైవ్స్ ఫారం 84ను ఆన్‌లైన్‌లో గాని, తపాలా ద్వారా గాని పంపాలి. 1908 జూలైకి ముందటి పట్టాలకు భూమి కార్యాలయం పేరు, సర్టిఫికెట్ నంబరు, ఆ తర్వాతివాటికి సీరియల్ నంబరు అవసరం. రుసుము ఒక్కో దస్త్రానికి విడిగా కట్టాలి.

భూమికి దరఖాస్తు పెట్టి మధ్యలో వదిలేసినవారికి పట్టా రాదు కనుక వారి పేరు జనరల్ ల్యాండ్ ఆఫీస్ సైట్‌లో కనబడదు, కాని వారి దస్త్రం ఉండే అవకాశం ఉంది. దాని నంబరు కోసం ట్రాక్ట్ పుస్తకాలు, అంటే ఒక్కో భూమి ముక్కకు వచ్చిన దరఖాస్తులు నమోదు చేసిన పుస్తకాలు తిరగేయాలి. ప్రభుత్వం తొలి యజమానికి ఇచ్చిన తర్వాత జరిగిన క్రయవిక్రయాల కోసం మాత్రం బియాట్రిస్‌లోని కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్‌కు విడిగా రాయవలసి ఉంటుంది.