ఇంట్లో సినిమా: అద్దెకు తీసుకోవాలా, కొనుక్కోవాలా, చందా కట్టాలా?

ఇంట్లో సినిమాకు డబ్బు పెట్టేముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి, దాన్ని మన ఇంట్లో ఎన్నిసార్లు చూస్తారన్నది. ఆన్‌లైన్‌లో అద్దె 120 రూపాయలు, కొనుగోలు 490 రూపాయలు అనుకుంటే, అయిదోసారి చూస్తే గానీ కొన్నందుకు గిట్టుబాటు కాదు. పిల్లలు సెలవుల్లో పదేపదే పెట్టించుకునే సినిమాలను మినహాయిస్తే, చాలావాటికి అద్దే మేలు.

అద్దెలో జాగ్రత్త పడవలసింది గడువు దగ్గర. యూట్యూబ్‌లో సాధారణంగా చూడటం మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలుపెట్టాక పూర్తిచేయడానికి 48 గంటలు ఇస్తారు. విజయవాడలో ఉన్న మీరు శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి, బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని ప్లే నొక్కితే, ఆదివారం రాత్రి తొమ్మిదికల్లా ఆ అద్దె చెల్లిపోతుంది. గుంటూరు నుంచి వచ్చిన మేనత్తగారి కుటుంబం భోజనాలు ముగించి టీవీ ముందు కూర్చునే వేళకు మళ్లీ డబ్బు కట్టవలసి రావచ్చు. కాబట్టి పరీక్ష ఏదైనా ట్రైలర్‌తోనే చేయండి, తెలుగు ఆడియో ఉందో లేదో కూడా డబ్బు కట్టకముందే చూసుకోండి. ఇంటి మొత్తానికి అద్దె ఒక్కటే అన్నది దీని అసలు లాభం: 2023 జూన్‌లో ఏపీ ఫైబర్‌నెట్ విడుదల రోజునే 99 రూపాయలకు 24 గంటలపాటు సినిమా చూపించే పద్ధతి మొదలుపెట్టింది, ఆ ధరకు అయిదుగురు కలిసి చూస్తే మనిషికి ఇరవై రూపాయలు కూడా పడదు.

ఆన్‌లైన్‌లో ‘కొనడం’ అంటే చూసే అనుమతిని కొనడమే. ఆ సంస్థకు హక్కులు పోతే సినిమా మీ ఖాతాలోంచి కూడా పోవచ్చు. డిస్కు అలా కాదు, పక్కింటివారికి చూడటానికి ఇవ్వవచ్చు, పాతది అమ్ముకోవచ్చు. అయితే దాన్ని వ్యాపారంగా అద్దెకు తిప్పే హక్కు మాత్రం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారుదే, అదే న్యాయం కూడా. పాత వీడియో షాపుల్లో ఒక్క క్యాసెట్ వంద ఇళ్లు తిరిగినా, మొదటి అమ్మకం తర్వాత నిర్మాతకు సాధారణంగా పైసా వచ్చేది కాదు. అమెరికాలో 1998 ప్రాంతంలో బ్లాక్‌బస్టర్ అనే వీడియో షాపుల సంస్థ క్యాసెట్లను చౌకగా తీసుకుని, అద్దెలో స్టూడియోలకు వాటా ఇచ్చేలా ఒప్పందాలు చేసుకుంది. నేటి ఆన్‌లైన్ అద్దె కూడా చాలావరకు ఆ వాటా పద్ధతిలోనే నడుస్తోంది.

ఇక చందా. నెల రుసుమును ఆ నెలలో మీరు నిజంగా చూసిన సినిమాలతో భాగించి, వచ్చిన మొత్తం అద్దె కంటే ఎక్కువైతే ఆపేయండి. మొబైల్ రీఛార్జితోనే ఆ ఓటీటీ వస్తోందేమో ముందుగా చూసుకోండి. ఆటోపే రద్దు చేసినా, కట్టిన నెల పూర్తయ్యేవరకు సాధారణంగా సినిమాలు చూడవచ్చు.