కారు ఒక పక్కకు లాగుతోందా? అలైన్‌మెంట్‌కు ముందు ఇవి చూడండి

కిందటేడు విజయనగరం నుంచి సాలూరు వెళ్తుంటే గజపతినగరం దాటాక నా కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. మూడు నెలల్లో రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాను. వారం రోజులు బాగుండేది, తర్వాత మళ్లీ మామూలే. చివరికి లారీల ఊరైన సాలూరులోనే ఒక పెద్దాయన కారు కింద టార్చి వేసి చూసి, "బుష్షు పోనాది బాబూ, ఎన్నిసార్లు తిప్పించినా ఇంతే" అన్నాడు. చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్‌లో, కుదుపులు తగ్గించే రబ్బరు బుష్ చిరిగిపోయింది. అప్పటికే ఎడమ ముందు టైరు లోపలి అంచు నున్నగా అయిపోయింది.

అలైన్‌మెంట్ ఆఖరి పని. దానికి ముందు చేయాల్సినవి చాలావరకు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

ముందు గాలి

పొద్దున్నే, బండి తీయకముందే గాలి కొలవండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన ఉండే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ముందు రెండు టైర్లలో తేడా ఉంటే బండి గాలి తక్కువున్న వైపు లాగుతుంది. ఎండలో నడిపి వచ్చాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, ఆ లెక్క నమ్మొద్దు.

టైరు ఏం చెబుతోందో చూడండి

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టైరు మీద అరచేతితో అడ్డంగా రాయండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా నడిపారు. నడుమ అరిగితే గాలి ఎక్కువైంది. ఒక్క అంచే అరిగితే క్యాంబర్‌లో గానీ టోలో గానీ తేడా ఉంది. ఒక వైపు రాస్తే నునుపుగా, ఎదురు రాస్తే రంపపు పళ్లలా తగిలితే మాత్రం అది ఎక్కువగా టో లోపమే.

టో అంటే రెండు ముందు చక్రాలు పైనుంచి చూస్తే లోపలికి గానీ బయటికి గానీ తిరిగి ఉండడం. క్యాంబర్ అంటే ఎదురుగా చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం. క్యాస్టర్ అనే మూడో కొలత, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది నేరుగా రావడానికి సాయపడుతుంది.

ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి నడపండి. లాగుడు రెండో వైపుకు మారితే లోపం టైరుదే. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా మార్చకూడదు.

సస్పెన్షన్‌లో వదులు

దీనికి కాస్త టైమ్ పెట్టండి. ముందు ఒక్కో మూలా గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ అరిగినట్టే. దాని ఒంటి మీద ఆయిల్ కారిన మరక ఉన్నా అంతే. షాకులు ఎప్పుడూ జతగానే మార్చాలి, ఒక పక్క మాత్రమే మారిస్తే బ్రేకు వేసినప్పుడూ మలుపుల్లోనూ బండి తేడాగా కదులుతుంది.

తర్వాత సమతలం మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపండి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందకు ఎప్పుడూ దూరొద్దు, స్టాండ్ పెట్టాల్సిందే. చక్రం పైన, కింద పట్టుకుని ఊపితే టకటకమంటే బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ లూజు. కుడి ఎడమల్లో పట్టుకుని ఊపితే ఆడితే అనుమానం టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) ఎండ్ మీద. గతుకుల్లో 'డబ్ డబ్' వినిపిస్తూ ఇవన్నీ గట్టిగానే ఉంటే స్టెబిలైజర్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడమనండి.

కొత్త బుష్ వేయించేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. లోయర్ ఆర్మ్ బోల్టులు చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే, బండి దింపగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరు బిగింపు వేయమని అడగండి.

ఎత్తు పెంచడానికి స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు వేసుకునేవాళ్లు ఉన్నారు. నేను వద్దనే అంటాను. స్ప్రింగు సరిగా పని చేయదు, మలుపుల్లో బండి మీద పట్టు తగ్గుతుంది.

ఇప్పుడు షాపుకి

గాలి సరిచూసి, డిక్కీలో అనవసరమైన బరువు తీసేసి వెళ్లండి. చాలా చిన్న కార్లలో మార్చడానికి వీలుండేది ముందు చక్రాల టో ఒక్కటే. టై రాడ్ మీద లాక్ నట్ వదులు చేసి, రాడ్‌ను తిప్పి, మళ్లీ నట్ బిగిస్తారు. రెండు వైపులా సమానంగా తిప్పకపోతే, బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ వంకరగా కనిపిస్తుంది. అలాంటి కార్లలో క్యాంబర్, క్యాస్టర్ లెక్క తప్పితే చాలావరకు ఏదో వంగిందని గానీ అరిగిందని గానీ అర్థం, స్క్రూ తిప్పి సరిచేసేది కాదు. పని ముందు, తర్వాత కొలతల కాగితం అడిగి దాచుకోండి.

అక్కడి నుంచి ఖాళీగా, నేరుగా ఉన్న రోడ్డు మీద 60 వేగంతో, స్టీరింగ్ తేలిగ్గా పట్టుకుని నడిపి చూడండి. నీళ్లు పోవడానికి రోడ్డు అంచుకు వాలుగా ఉంటుంది కాబట్టి కొద్దిగా ఎడమకు జరగడం సహజం. 80 దాటాక స్టీరింగ్ వణికితే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా చేయడం) సంగతి. దిగాక ముందు రెండు చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి. తగలనక్కర్లేదు, వేడి దూరం నుంచే తెలుస్తుంది. ఒకటి మాత్రమే బాగా కాగి ఉంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు, అలైన్‌మెంట్ జోలికి పోకుండా అది చూపించండి.