కంప్యూటర్‌ను మనమే కూర్చుకుందాం – 4వ పాఠం: ర్యామ్ అసలు వేగం

మదర్‌బోర్డు మాన్యువల్ తెరిచి, రెండు ర్యామ్ స్టిక్‌లు మాత్రమే పెట్టేటప్పుడు ఏ స్లాట్లు వాడాలో వెతికి రాసుకోవలసిందిగా గత పాఠం చివర అభ్యాసం ఇచ్చాను. నాలుగు స్లాట్లున్న బోర్డులలో ఎక్కువ వాటికి జవాబు ఏ2, బీ2. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే అవి రెండవది, నాలుగవది అవుతాయి. ఇలా ఎందుకంటే, చాలా బోర్డులలో ప్రాసెసర్ నుంచి వచ్చే తీగలు ముందు స్లాటు మీదుగా వెళ్లి వెనుక స్లాటు దగ్గర ముగుస్తాయి; ముందు స్లాటులో స్టిక్ పెట్టి వెనుకది ఖాళీగా వదిలితే, ఆ మిగిలిన తీగ చివర నుంచి విద్యుత్ సంకేతం వెనక్కు తిరిగివచ్చి అసలు సంకేతాన్ని కలుషితం చేస్తుంది. తక్కువ వేగాల దగ్గర ఇది పట్టింపులోకి రాకపోవచ్చు గానీ, నేటి వేగాల దగ్గర కంప్యూటర్ అసలు లేవకపోవడానికి ఇదొక్కటే కారణం కావచ్చు. మీ మాన్యువల్‌లో వేరే జవాబు ఉంటే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని ఒక్కటే: పెట్టె మీద అచ్చువేసిన వేగంతోనే మన ర్యామ్ నడుస్తున్నదో లేదో తెలుసుకొని, నడవకపోతే నడిపించడం. 6000 అని రాసి ఉన్న ర్యామ్‌ను కొని, అది 4800 దగ్గరే నడుస్తున్నదని తెలియకుండా ఏళ్ల తరబడి వాడేవారు తక్కువేమీ కాదు. కంప్యూటర్ ఆ సంగతిని తనంత తానుగా ఎక్కడా చెప్పదు.

లేబుల్ చదవడం

ఒక స్టిక్ మీద "డీడీఆర్5-6000, సీఎల్ 30-38-38-96, 1.35 వోల్టులు" అని ఉన్నదనుకుందాం. మొదటి మాట తరాన్ని చెబుతుంది. డీడీఆర్4 స్టిక్‌లకూ డీడీఆర్5 స్టిక్‌లకూ పిన్నులు 288 చొప్పునే ఉన్నా, మధ్యనున్న గాడి వేరే చోట ఉంటుంది కనుక ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. డీడీఆర్4 ప్రామాణిక వోల్టేజి 1.2, డీడీఆర్5 ది 1.1, డీడీఆర్5 లో వోల్టేజిని నియంత్రించే చిప్పు మదర్‌బోర్డు నుంచి స్టిక్ మీదికే వచ్చింది.

రెండవది 6000. దీనిని మెగాహెర్ట్జ్ అని దుకాణాలూ ప్రకటనలూ రాస్తుంటాయి గానీ అది సరి కాదు. డీడీఆర్ జాతి ర్యామ్ ఒక్కొక్క క్లాక్ స్పందనకు (ర్యామ్ పనులకు తాళం వేసే విద్యుత్ స్పందనకు) రెండుసార్లు, అంటే స్పందన లేచేటప్పుడు ఒకసారి, పడేటప్పుడు ఒకసారి డేటాను పంపుతుంది. కాబట్టి 6000 అన్నది సెకనుకు జరిగే బదిలీల సంఖ్య, మిలియన్లలో. క్లాక్ మాత్రం 3000 మెగాహెర్ట్జ్. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ క్లాక్‌నే చూపిస్తుంది కనుక అందులో మూడు వేల దరిదాపు సంఖ్య కనిపించినప్పుడు ర్యామ్ సగం వేగంతో నడుస్తున్నదని కంగారు పడనక్కరలేదు, రెండుతో గుణిస్తే చాలు.

ఇక బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు ఎంత డేటా వెళ్లగలదన్న లెక్క. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారిని చానెల్ అంటారు; ఒక చానెల్ వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. 6000 ను 8 తో గుణిస్తే 48,000. సెకనుకు 48 జీబీ. రెండు స్టిక్‌లను రెండు చానెళ్లలో పెడితే ఇది 96 అవుతుంది. ఒకే స్టిక్ పెట్టినవారు ఎంత వేగవంతమైనది కొన్నా దీనిలో సగాన్ని వదులుకుంటున్నట్టే. ఈ లోటు అందరికంటే ఎక్కువగా తగిలేది విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆటలాడేవారికి, ఎందుకంటే దానికి సొంత మెమరీ ఉండదు, చిత్రానికి కావలసిన ప్రతి బైటూ ఈ దారినే రావాలి.

జాప్యం లెక్క

పాఠమంతటిలో నిదానించి చదవవలసిన భాగం ఇది. ర్యామ్ చిప్పు లోపల డేటా కణాలు అడ్డు వరుసలుగా, నిలువు వరుసలుగా అమర్చి ఉంటాయి. ఏదైనా ఒక కణాన్ని చదవాలంటే ముందు దాని అడ్డు వరుసను తెరవాలి, తరువాత అందులో కావలసిన నిలువు స్థానాన్ని అడగాలి, మరో అడ్డు వరుస కావాలంటే తెరిచి ఉన్నదానిని మూయాలి. లేబుల్ మీది నాలుగు సంఖ్యలు ఈ పనులకు పట్టే క్లాక్ స్పందనల సంఖ్యలే. మొదటిదైన సీఎల్, నిలువు స్థానాన్ని అడిగిన క్షణం నుంచి మొదటి డేటా బయటికి వచ్చేవరకు పట్టేది. రెండవది అడ్డు వరుసను తెరవడానికి పట్టేది. మూడవది దానిని మూయడానికి పట్టేది. నాలుగవది తెరిచిన వరుసను కనీసం ఎంతసేపు తెరిచే ఉంచాలన్నది.

ఇవి స్పందనల సంఖ్యలు, కాలం కాదు. సీఎల్ 16 కంటే సీఎల్ 30 నెమ్మది అనుకోవడం ఈ తేడాను గమనించకపోవడం వల్ల వచ్చే పొరపాటు. వేగం పెరిగేకొద్దీ ఒక్కొక్క స్పందన నిడివి తగ్గుతుంది కనుక నానోసెకన్లలోకి మార్చుకున్న తరువాతే రెండింటినీ పోల్చాలి. సూత్రం చిన్నది: సీఎల్‌ను 2000 తో గుణించి, లేబుల్ మీది వేగంతో భాగించాలి. డీడీఆర్4-3200 సీఎల్ 16 కు 32,000 ను 3200 తో భాగిస్తే 10 నానోసెకన్లు. డీడీఆర్5-6000 సీఎల్ 30 కు 60,000 ను 6000 తో భాగిస్తే అదే 10. సంఖ్య దాదాపు రెట్టింపైనా కాలం మారలేదు. అదే 6000 వేగం, సీఎల్ 40 అయితే 13.3 నానోసెకన్లు, 4800 వేగం, సీఎల్ 40 అయితే 16.7.

ఈ సూత్రాన్ని ఇంకా వెనక్కు తీసుకుపోతే ఒక విశేషం బయటపడుతుంది. మొదటి తరం డీడీఆర్-400 లో సీఎల్ 2 ఉన్న మంచి స్టిక్‌లకు కూడా జవాబు 10 నానోసెకన్లే. అప్పటి ఒక చానెల్ బ్యాండ్‌విడ్త్ సెకనుకు 3.2 జీబీ, ఇప్పటి 6000 కు 48. అది పదిహేను రెట్లు పెరిగిన ఇదే కాలంలో కణాన్ని అడిగి జవాబు అందుకునే సమయం ఉన్నచోటనే ఉన్నది. ప్రాసెసర్ తయారీదారులు కాష్ మెమరీని (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీని) అంతకంతకూ పెంచుతూ రావడానికి, కాష్ ఎక్కువున్న ప్రాసెసర్లు ఆటలలో ముందుండడానికి ప్రధాన కారణం ఇక్కడే ఉన్నది. అయితే ఈ 10 నానోసెకన్లే ప్రాసెసర్‌కు కనిపించే మొత్తం జాప్యం కాదు. అడ్డు వరుస తెరవడం, కంట్రోలర్ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే భాగం) దాటి రావడం వంటివన్నీ కలిసి అది దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి రెండు కిట్ల (కలిపి అమ్మే స్టిక్‌ల జతల) మధ్య ఒక్క నానోసెకను తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టవద్దనే నా సలహా. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఎన్ని స్టిక్‌లు?

డీడీఆర్5 విషయంలో జవాబు స్పష్టం: రెండు, అదీ ఒకే కిట్‌గా అమ్మినవి. నాలుగు స్లాట్లూ నింపితే కంట్రోలర్ మీద భారం పెరిగి వేగం పడిపోతుంది. ఏఎండీ తన రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్‌లతో 5200 వేగాన్ని అధికారికంగా ప్రకటించి, నాలుగింటితో 3600 మాత్రమే అని పేర్కొన్నది. ఎనిమిది జీబీల స్టిక్‌లు నాలుగు కొనడం కంటే పదహారువి రెండు కొనడం మేలు. తరువాత కొని కలుపుకుందామనే ఆలోచన కూడా అంత మంచిది కాదు, ఎందుకంటే ఒకే పేరుతో, ఒకే లేబుల్‌తో వచ్చే స్టిక్‌లలో కూడా లోపలి చిప్పులు కాలక్రమంలో మారిపోతుంటాయి.

అమర్చడం

కంప్యూటర్‌ను ఆపి, పవర్ కేబుల్ తీసి, మిగిలిన విద్యుత్తు పోయేందుకు పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి, కేబినెట్ లోహభాగాన్ని తాకిన తరువాతే స్టిక్‌ను చేతిలోకి తీసుకోవాలి. స్లాటు క్లిప్పులు తెరవండి. కొన్ని బోర్డులకు ఒకవైపే క్లిప్పు కదులుతుంది, రెండవవైపుతో బలప్రయోగం చేయవద్దు. గాడి సరిచూసుకొని రెండు చివరలా సమానంగా, టక్కుమని క్లిప్పు పడేవరకు నొక్కాలి. కొత్తవారు సాధారణంగా కావలసినదానికంటే తక్కువే నొక్కుతారు.

కొత్త ర్యామ్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండిపోతే ఆందోళన పడవద్దు. ఒక్కొక్క తీగ మీద సంకేతం సరిగ్గా ఏ క్షణంలో అందుతున్నదో కంట్రోలర్ పరీక్షించి సర్దుకునే ఈ దశను మెమరీ ట్రెయినింగ్ అంటారు. డీడీఆర్5 లో దీనికి కొన్ని నిమిషాలు పట్టడం మామూలే; మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రొఫైల్ ఆన్ చేయడం

ప్రతి స్టిక్ మీద ఎస్‌పీడీ అనే చిన్న చిప్పు ఉంటుంది. అందులో రెండు రకాల వివరాలుంటాయి: జెడెక్ సంస్థ ప్రమాణాలకు లోబడిన సురక్షిత వేగాలు, తయారీదారు పెట్టె మీద ప్రకటించిన వేగం. మదర్‌బోర్డు మొదటి రకాన్నే ఎంచుకుంటుంది, ప్రొఫైల్ అనే రెండవదానిని మనమే ఆన్ చేయాలి. ఇంటెల్ దీనికి పెట్టిన పేరు ఎక్స్‌ఎంపీ, 2022 లో రైజెన్ 7000 తో పాటు ఏఎండీ తెచ్చినది ఎక్స్‌పో. ఆన్ చేసే పద్ధతి తేలిక: కంప్యూటర్ లేచేటప్పుడు డెలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి) వెళ్లి, ప్రొఫైల్‌ను ఎంచుకొని, సేవ్ చేసి బయటికి రావడమే. ఇది సాంకేతికంగా ఓవర్‌క్లాకింగే, అంటే ప్రామాణిక వేగాన్ని మించి నడపడమే, కనుక ప్రతి ప్రాసెసర్ కంట్రోలరూ దీనిని మోయగలదన్న హామీ లేదు.

ప్రొఫైల్ ఆన్ చేశాక కంప్యూటర్ లేవకపోతే, చాలా బోర్డులు కొన్నిసార్లు ప్రయత్నించి తామే పాత వేగానికి తిరిగివస్తాయి. రాకపోతే, పవర్ కేబుల్ తీసి, మాన్యువల్‌లో క్లియర్ సీమాస్ అని చూపిన పిన్నులను క్షణకాలం కలపాలి, లేదా బోర్డు మీది గుండ్రని బ్యాటరీని కాసేపు తీసి పెట్టాలి. ఆ తరువాత బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే ప్రొఫైల్‌ను అలాగే ఉంచి వేగాన్ని మాత్రం ఒక మెట్టు, అంటే 6000 ఉంటే 5600 కు, తగ్గించండి. ఆ మెట్టు తేడాను ఆటలో కంటితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

సరిచూసుకోవడం

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ కింద మెమరీని నొక్కితే వేగమూ, నిండిన స్లాట్ల సంఖ్యా కనిపిస్తాయి. చానెళ్ల సంగతి మాత్రం సీపీయూ-జెడ్‌లోని మెమరీ పేజీలో చూడాలి. ఇక్కడొక మెలిక ఉన్నది. డీడీఆర్5 స్టిక్ తనలోని 64 బిట్లను 32 బిట్ల ఉపచానెళ్లుగా రెండుగా విడదీసుకుంటుంది కనుక ఒకే స్టిక్ ఉన్నా అక్కడ 2 × 32 బిట్లు అని చూపిస్తుంది. ఆ "2" ను చూసి డ్యూయల్ చానెల్ అనుకునేవారున్నారు. నిజంగా రెండు చానెళ్లూ పనిచేస్తే అక్కడ కనిపించవలసినది 4 × 32 బిట్లు.

వేగం కుదిరినంత మాత్రాన పని పూర్తి కాలేదు. విండోస్ లేచింది, ఆట నడిచింది అన్నది ర్యామ్ తప్పు లేకుండా నడుస్తున్నదనడానికి రుజువు కాదు. అరుదుగా తారుమారయ్యే ఒక్క బిట్ మీరు కాపీ చేస్తున్న ఫోటోలోనో, సేవ్ చేస్తున్న ఫైలులోనో చేరి ఎన్నో రోజుల తరువాత బయటపడవచ్చు. డీడీఆర్5 చిప్పుల లోపల తప్పులు దిద్దే ఏర్పాటు ఉన్న మాట నిజమే గానీ, అది చిప్పు లోపలికే పరిమితం, చిప్పుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో జరిగే తప్పులను అది పట్టదు. అందువల్ల ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్ మీద వేసి, దాని నుంచి కంప్యూటర్‌ను లేపి, రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు కనిపించినా ఫలితం విఫలమే, "ఒక్కటే కదా" అని వదలకూడదు. అలా కనిపిస్తే ప్రొఫైల్ ఆపి మళ్లీ పరీక్షించండి. తప్పులు పోతే ఆ వేగం మీ కంట్రోలర్‌కు ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు దిగాలి. పోకపోతే ఒక్కొక్క స్టిక్‌నూ ఒంటరిగా, ఒకే స్లాటులో పెట్టి పరీక్షించి, ఏది తప్పు చూపుతుందో దానిని వారంటీలో మార్పించుకోవాలి. కిట్‌గా కొన్నవైతే రెండింటినీ కలిపే పంపవలసి రావచ్చు.

అభ్యాసం

డీడీఆర్4-3600 సీఎల్ 16, డీడీఆర్5-5200 సీఎల్ 40, డీడీఆర్5-6400 సీఎల్ 32 అనే మూడు కిట్లకు సీఎల్ జాప్యాన్ని నానోసెకన్లలోనూ, రెండు చానెళ్ల మొత్తం బ్యాండ్‌విడ్త్‌ను జీబీలలోనూ లెక్కగట్టండి. ఆ తరువాత మీ కంప్యూటర్‌లోని ర్యామ్ లేబుల్ మీది వేగాన్నీ, టాస్క్ మేనేజర్ చూపే వేగాన్నీ పక్కపక్కన రాసుకోండి. జవాబులు 5వ పాఠం మొదట ఉంటాయి. అందులో పవర్ సప్లై ఎంపికను చూద్దాం.