గురువారం ముట్టని టర్కీ: క్రాన్‌బెర్రీ బెల్లం పాకంతో

అమెరికాలో టర్కీ కోడిని కాల్చుకుని తినే పండగ థ్యాంక్స్‌గివింగ్. మా ఇంట్లో ఆ భోజనం గురువారం ఉండదు, శుక్రవారం ఉంటుంది. నవంబరు నాలుగో గురువారం మా వీధిలో ప్రతి ఇంటి నుంచీ టర్కీ కాలుతున్న వాసన వస్తుంది. మా అత్తయ్యగారికి మాత్రం అది బాబా వారం, నీచు ముట్టరు. ఆవిడ మా దగ్గర ఉన్నన్నాళ్లూ గురువారం పొయ్యి మీద మాంసం ఉడకదు, ఎవరమూ చేత్తో ముట్టుకోం. కార్తీకం ఇంకా నడుస్తుంటే ఆవిడ శుక్రవారమూ తినరు. 2023లోనూ 2024లోనూ అలాగే పడింది. 2025లో కార్తీకమాసం వారం ముందే అయిపోయింది కాబట్టి మాతో పాటు కూర్చుని రెండు ముక్కలు తిన్నారు.

నేను ఇప్పుడు చెప్పబోయే పద్ధతి ఆ ఒక్క రోజు ఆగడం వల్లే కుదిరింది. ఉప్పు పట్టించిన టర్కీ గురువారమంతా ఫ్రిజ్‌లో అలా ఉండిపోతుంది. ఆ రోజే దానికి రుచినీ మెత్తదనాన్నీ తెస్తుంది.

మేముండేది మినెసోటాలో. అమెరికాలో టర్కీలు బాగా ఎక్కువగా పెంచే రాష్ట్రాల్లో ఇదొకటి. నవంబరు వచ్చిందంటే ఏ షాపుకి వెళ్లినా ఫ్రీజర్ల నిండా అవే. వచ్చిన కొత్తలో పద్నాలుగు పౌన్ల టర్కీ మొత్తంగా తెచ్చి, మొదటి నుంచే తీపి పాకం పూసి అవెన్‌లో పెట్టాను. గంట తిరిగేసరికి పైన నల్లగా మాడింది. తొడ దగ్గర ఉడకలేదు, రొమ్ము దగ్గర పీచుపీచుగా ఎండిపోయింది. ఆ రోజు పిల్లలు అన్నం పప్పు తిని లేచారు, నాకు ఏడుపొచ్చింది. తొడ భాగం ఉడకడానికి పట్టే సమయం వేరు, రొమ్ము భాగానికి పట్టే సమయం వేరు అని తర్వాత తెలిసింది. ఆరేడుగురున్న ఇంటికి మొత్తం టర్కీ అక్కర్లేదు. ఎముకతో, చర్మంతో ఉన్న టర్కీ బ్రెస్ట్ 6 పౌన్లది, అంటే సుమారు 2.7 కిలోలది, చక్కగా సరిపోతుంది. ఎముక లేనిది కొనకండి. ఎముక ఉంటే ముక్క నెమ్మదిగా, సమంగా ఉడుకుతుంది, మర్నాడు చారుకీ పనికొస్తుంది.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. చాలావాటికి ముందే ఉప్పునీళ్లు ఎక్కించి అమ్ముతారు, ఎంత శాతమో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అలాంటిది తెచ్చి మళ్లీ ఉప్పు పట్టిస్తే తినలేం. వెతికితే ఉప్పు ఎక్కించనిది దొరుకుతుంది. దొరక్కపోతే నేను కింద చెప్పే ఉప్పు మానేసి, మిరియాలు, వెల్లుల్లి, నెయ్యి మాత్రం పట్టించండి.

సోమవారం రాత్రి దాన్ని ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో కింది అరలో, లోతైన పళ్లెంలో పెడతాను. ఫ్రిజ్‌లో 4, 5 పౌన్లకి ఒక రోజు లెక్కన మంచు కరుగుతుంది. ఆరు పౌన్లది బుధవారం సాయంత్రానికి పూర్తిగా మెత్తబడుతుంది. మాకు గరాజ్‌లో పాత ఫ్రిజ్ ఒకటుంది, అందులో పెడితే అత్తయ్యగారి పాలూ పెరుగూ దాని పక్కన ఉండవు. ఫ్రిజ్ ఒక్కటే ఉంటే అన్నిటికన్నా కింది అరలోనే పెట్టండి, పచ్చి మాంసం నీళ్లు దేని మీదా కారకూడదు. మర్చిపోయి ఆలస్యమైతే, కవర్‌తో సహా చన్నీళ్లలో ముంచి అరగంటకోసారి నీళ్లు మార్చండి, పౌనుకి అరగంట పడుతుంది. వంటింటి గట్టు మీద వదిలేసి పడుకోవడం మాత్రం వద్దు. పైన కరిగి వెచ్చబడుతుంది, లోపల ఇంకా గడ్డగానే ఉంటుంది, ఈలోగా పైభాగం పాడవుతుంది.

బుధవారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఉప్పు పట్టిస్తాను. మనకి మాంసం కడగందే మనసొప్పదు. నాకూ చాలా ఏళ్లు అలాగే ఉండేది. కానీ కడిగితే ఆ నీటి చుక్కలు సింకు చుట్టూ పడి, పచ్చి మాంసంలోని సూక్ష్మజీవులు పక్కనున్న గిన్నెలకీ కూరగాయలకీ అంటుతాయి. వాటిని చంపేది అవెన్ వేడే. కాబట్టి కడగకుండా పేపర్ టవల్‌తో పైనా లోపలా తడి అద్దేస్తాను. తర్వాత చర్మం కిందికి వేళ్లు పోనిచ్చి, చిరగకుండా, మెల్లగా వదులు చేస్తాను. గోళ్లుంటే వేళ్లు మడిచి కణుపులతో చేయండి.

ఆరు పౌన్లకి రాళ్లుప్పులా ఉండే కోషర్ ఉప్పు నాలుగు టీస్పూన్లు, మెత్తటి ఉప్పయితే రెండే. దాంట్లో కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు రెండు టీస్పూన్లు, వేయించి దంచిన ధనియాలు ఒకటి కలిపి, సగానికి పైగా చర్మం కిందే, మాంసానికి అంటేలా రుద్దుతాను. మిగిలింది పైనా లోపలా. ఆ తర్వాత పళ్లెంలో పెట్టి, మూత లేకుండా, ప్లాస్టిక్ కప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఉప్పు ముందు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీటినే మాంసం తిరిగి పీల్చుకుంటుంది. చలిగాలికి చర్మం కాగితంలా ఆరిపోతుంది. ఆరిన చర్మమే ఎల్లుండి కరకరలాడేది.

గురువారం దాని జోలికి వెళ్లం. ఆ రోజు పాకం పని, అందులో నీచు లేదు కాబట్టి అత్తయ్యగారే చేస్తారు. క్రాన్‌బెర్రీ చూసిన మొదటిసారే ఆవిడ ఒకటి కొరికి, “ఇది మన వాక్కాయే కదమ్మా” అన్నారు. నిజమే, ఆ పులుపూ వగరూ అచ్చం వాక్కాయే. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లల్లో క్రాన్‌బెర్రీ పప్పు, క్రాన్‌బెర్రీ పచ్చడి, క్రాన్‌బెర్రీ పులిహోర ఎందుకంత మామూలయ్యాయో ఆ కొరుకులో అర్థమవుతుంది. ఇక్కడివాళ్లు దీనికి పంచదార బాగా దట్టిస్తారు. మా ఇంట్లో బెల్లం.

క్రాన్‌బెర్రీ సంచీ ఒకటి తీసుకోండి, మామూలుగా 12 ఔన్సులు ఉంటుంది, అంటే 340 గ్రాములు. మెత్తబడ్డవి ఏరేసి కడగండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పండ్లు, ఒక కప్పు నారింజ రసం, ముప్పావు కప్పు బెల్లం తురుము, సన్నగా తరిగిన అల్లం ఒక టేబుల్‌స్పూను, తుంచిన ఎండుమిర్చి రెండు, చిటికెడు ఉప్పు వేసి మధ్యస్థంగా మంట పెట్టండి. అయిదారు నిమిషాలకి పండ్లు టపటపా పేలడం మొదలవుతుంది. ఆ చప్పుడు మా పిల్లలకి చాలా ఇష్టం, కుర్చీలేసుకుని వింటారు. పదిపన్నెండు నిమిషాలకి అన్నీ పగిలి చిక్కబడతాయి. నారింజ తొక్క పైపైన తురిమి ఒక టీస్పూను కలిపి దించండి. తెల్లటి లోపలి పొర రాకుండా తురమండి, అది చేదు.

దీన్ని రెండు వాటాలు చేయాలి. సగం అలాగే ఉంచి భోజనంలోకి నంజుకోవడానికి. మిగతా సగం వడకట్టి, గరిటెతో నొక్కి గుజ్జు తీసి, టర్కీకి పూతగా. ఈ రెండు గిన్నెలూ మొదట్నుంచీ వేరుగా ఉండాలి. పచ్చి మాంసాన్ని తాకిన బ్రష్ ముంచిన గిన్నెని తర్వాత బల్ల మీద పెట్టకూడదు. వడకట్టింది చల్లారితే జెల్లీలా గడ్డకడుతుంది, ఆ పండు గుణమే అది. వాడేముందు రెండు చెంచాల నీళ్లు పోసి వెచ్చచేస్తే మళ్లీ తేనెలా జారుతుంది. తేనె కన్నా పల్చగా ఉంటే మాంసం మీద నిలవదు.

శుక్రవారం మధ్యాహ్నం మొదటి పని, అవెన్ తెరిచి లోపల చూడటం. మన ఇళ్లల్లో అది మూకుళ్లూ పెనాలూ దాచుకునే చోటు. అన్నీ తీసేసి 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టండి, సెల్సియస్‌లో 163. వేడెక్కేలోగా మూడు చెంచాల నెయ్యిలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి కలిపి, కొంత చర్మం కింద, కొంత పైన రాయండి. ఇక్కడివాళ్లు వెన్న వాడతారు. నెయ్యి అయితే త్వరగా మాడదు, వాసన మన వాసన.

లోతైన పళ్లెంలో ఉల్లిపాయలు, క్యారెట్లు లావుపాటి చక్రాలుగా కోసి పరిచి, వాటి మీద టర్కీని చర్మం పైకి ఉండేలా కూర్చోబెట్టండి. కింద ఒక కప్పు నీళ్లు పోయండి, లేకపోతే కారిన పాకం అడుగున మాడి ఇల్లంతా పొగ కమ్ముతుంది. అవెన్‌లో పెట్టండి. పాకం ఇప్పుడు పూయకండి. నా మొదటి టర్కీ పాడైంది సరిగ్గా ఇక్కడే.

ఇక థర్మామీటర్ సంగతి. మాంసంలో గుచ్చే థర్మామీటర్ తప్పకుండా కొనండి, ఇది బతిమాలి చెబుతున్నాను. ఆరు పౌన్లకి గంటా ముప్పావు నుంచి రెండుంపావు గంటలు పడుతుంది అని నేను చెప్పగలను, కానీ మీ అవెన్ వేరు, మీ టర్కీ ఎంత చల్లగా లోపలికి వెళ్లిందో అది వేరు. కూరలో ముక్క ఉడికిందో లేదో గరిటెతో నొక్కి చూస్తాం, ఇందులో ఆ వీలు లేదు. కొన్నిటికి ప్లాస్టిక్ గుండీ ఒకటి గుచ్చి అమ్ముతారు, ఉడికాక అది పైకి లేస్తుందని. నా ఇంట్లో అది లేచేసరికి ముక్క ఎప్పుడూ ఎండిపోయే ఉంది, నేను దాన్ని నమ్మను. బాగా లావుగా ఉన్న చోట, ఎముకకి తగలకుండా గుచ్చి చూడండి. ఎముకకి తగిలితే అంకె తప్పు చూపిస్తుంది.

గంటా పావు దగ్గర మొదటిసారి చూస్తాను. లోపల 140 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చినప్పుడు బయటికి లాగి పాకం మొదటి పూత. పల్చగా, అంతటా. పది, పన్నెండు నిమిషాలకి రెండో పూత, మరో పది నిమిషాలకి మూడోది. ప్రతి పూతా ఆరి అంటుకున్నాకే దాని మీద ఇంకోటి. ఒకేసారి దట్టంగా పోస్తే అంతా జారి పళ్లెంలో పడుతుంది. మూడో పూతకి చర్మం పండిన రేగుపండు రంగులోకి తిరిగి మెరుస్తుంది. ఎక్కడైనా నల్లబడుతుంటే ఆ చోట మాత్రం అల్యూమినియం రేకు ముక్క కప్పండి.

160 చూపించగానే తీసేస్తాను. బయట పెట్టి, రేకు వదులుగా కప్పి, థర్మామీటర్ అందులోనే ఉంచుతాను. లోపలి వేడికి అదే 165 దాకా ఎక్కుతుంది. ఇక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాఖ కోడి, టర్కీ మాంసానికి చెప్పే అంకె 165, సెల్సియస్‌లో 74. అంత దాకా రాకపోతే మళ్లీ అవెన్‌లో పెట్టండి, మొహమాటం వద్దు. ఎక్కినా సరే, పాతిక నిమిషాలు కత్తి పెట్టకండి. వెంటనే కోస్తే రసమంతా పలక మీదికి కారిపోతుంది. ఆకలేసి పిల్లలు చుట్టూ తిరుగుతారు, వాళ్లకి పులిహోర పెట్టండి. మా ఇంట్లో ఆ పాతిక నిమిషాల్లోనే పళ్లెంలోని రసం వడకట్టి, పైన తేలిన కొవ్వు తీసి, మిరియాల పొడి వేసి మరిగించి గ్రేవీ చేసేస్తాను.

కోసే తీరు చాలామంది పట్టించుకోరు గానీ సగం మెత్తదనం అందులోనే ఉంది. మధ్య ఎముక వెంట కత్తి దింపి ఒక పక్క రొమ్మునంతా ఒకే ముక్కగా విడదీయండి. దాన్ని పలక మీద పెట్టి, పీచు ఏ వైపు సాగిందో చూసి దానికి అడ్డంగా, చిటికెన వేలు మందాన కోయండి. ప్రతి ముక్క అంచునా కొంచెం చర్మం, కొంచెం పాకం రావాలి. పీచు వెంట నిలువుగా కోస్తే ఎంత బాగా ఉడికించినా నమలాల్సి వస్తుంది.

పోయిన నవంబరులో పక్కింటి పెద్దావిడని కూడా పిలిచాం. అరవై ఏళ్లుగా టర్కీ వండుతున్నారట ఆవిడ. పాకంలో ఎండుమిర్చి ఘాటు తగిలి కాస్త ఆగి, ఇంకో ముక్క అడిగి వేయించుకున్నారు. మా అత్తయ్యగారికి ఇంగ్లిష్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. నంజుకునే పాకం గిన్నె మాత్రం ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి ఖాళీ అయింది.

మిగిలినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు నాలుగు రోజులు బాగుంటాయి. శనివారం ఎవరికీ వండే ఓపిక ఉండదు. ఆదివారం ఎముకలన్నీ కుక్కర్‌లో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, అల్లం ముక్కతో నలభై నిమిషాలు సన్నటి మంట మీద ఉడికించి వడకట్టండి. ఆ నీళ్లలో రెండు టమాటాలు నలిపి, మిరియాలూ జీలకర్రా వెల్లుల్లీ దంచి వేసి చారు కాచండి. పోపులో ఇంగువ, పైన కొత్తిమీర. బయట మంచు పడుతుంటే అది గ్లాసుల్లో పోసుకుని తాగుతాం.